ఊపిరి గొట్టం

2007 జనవరి 9, మేడ్చల్

రిటైరైన రోజు స్కూలువాళ్ళు శాలువా కప్పి డైరీ ఇచ్చారు. ఆ తర్వాత ఏటా ఎవరో ఒకరు ఇస్తూనే ఉన్నారు. అన్నీ ఖాళీగానే పాతబడ్డాయి. దీన్నయినా రాయాలనుకున్నాను.

ప్రణీత పొద్దున్నే తుర్కపల్లి ల్యాబుకు క్యాబులో వెళ్ళిపోతుంది. హరీష్ బండి వేసుకుని వెంచర్ల వెంట తిరుగుతాడు. కొడుకూ కోడలూ వెళ్ళాక ఇంట్లో నేను, గోడ మీద ఆయన ఫోటో, హాల్లో కంప్యూటరు. ఫోటో మాట్లాడదు కాబట్టి కంప్యూటరు ముందు కూర్చుంటున్నాను. ప్రణీతే నేర్పింది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులో పడతాయి.

"స్కూల్ల పోరగాండ్లకు ఇన్నేండ్లు సుద్దులు జెప్పిండ్రు గద అత్తమ్మా, ఇగ గిండ్ల జెప్పుండ్రి" అని 'అరుగు' అనే గ్రూపులో చేర్పించింది. 'పాత టీచర్' అని పేరు పెట్టుకున్నాను. ఊరు పేరు రాయలేదు.

అక్కడ ఎవరికి ఏ సందేహం వచ్చినా అడగొచ్చు. కుక్క పడుకునే ముందు గుండ్రంగా ఎందుకు తిరుగుతుంది? నిన్నటి పులుసు ఇవాళ ఎందుకు రుచి? తెలిసినవాళ్ళూ చెబుతారు, తెలియనివాళ్ళూ చెబుతారు. తెలియనివాళ్ళు కాస్త గట్టిగా చెబుతారు. అడిగినవాళ్ళకు ఏ జవాబు నచ్చితే దాని పక్కన పచ్చ గుర్తు పెడతారు. కోడి నీళ్ళు తాగి తల ఎందుకు పైకెత్తుతుందో చెప్పినందుకు నాకు ఇవాళ మొదటి పచ్చ గుర్తు పడింది. జన్మంతా పిల్లల నోటుపుస్తకాల్లో గుర్తులు పెట్టిన దాన్ని. ఒకరు నాకు పెట్టడం ఇదే మొదలు.

జనవరి 21

పప్పుచారులో బెల్లం వెయ్యాలా వద్దా అని అరుగులో పెద్ద గొడవ. నేను వద్దన్నాను. కామేశ్వరి అనే ఆవిడ వెయ్యాల్సిందే అంది. వాళ్ళది కాకినాడ వైపు. భర్త కృష్ణారావు దుండిగల్ దగ్గర ఇంజనీరింగు కాలేజీలో పని చేస్తాడట, అక్కడే కాలనీలో అద్దెకు ఉంటున్నారు. ఆవిడ తగ్గలేదు, నేనూ తగ్గలేదు.

ఇవాళ ఆవిడ రాసింది: "టీచర్ గారూ, నిన్న మీ పద్ధతిలో బెల్లం లేకుండా పెట్టానండి. మా ఆయన ఒక ముద్ద తిని, ఒంట్లో బాగాలేదా అని నన్ను అడిగారు."

హాల్లో ఒక్కదాన్నే కూర్చుని పైకి నవ్వాను. ఆయన పోయిన తర్వాత ఈ ఇంట్లో నేను అలా నవ్వింది గుర్తు లేదు.

ఫిబ్రవరి 18

ఎక్కడా కనబడని ఆచారాలు మీ ఇళ్ళల్లో ఏమున్నాయి, చెప్పండని ఎవరో అడిగారు. మా బావి సంగతి రాయబోయాను.

శామీర్‌పేట దారిలో మా ద్రాక్షతోట ఉండేది. దాంట్లో బావి ఆయన తవ్వించిందే. తోట పోయింది, ఆయనా పోయాడు. రెండేళ్ళ కింద హరీష్ దాన్ని ప్లాట్లు చేశాడు. బావిని పూడుస్తానంటే ఒకే ఒక్క మాట అడిగాను. మా అత్తమ్మ చెప్పేది: బావిని మూస్తే దానికి ఊపిరి తొవ్వ ఉంచాలి, గొట్టం నిలబెట్టి పసుపు గుడ్డ కట్టాలి, లేకపోతే ఆ ఇంటికి మంచిది కాదు. హరీష్ విసుక్కున్నా ఒప్పుకున్నాడు. పూడుస్తుంటే చూడలేక నేను పోలేదు. అంతా అయ్యాక పోయి, చదునైన మట్టిలోంచి పైకి నిలబడ్డ గొట్టానికి గుడ్డ కట్టి వచ్చాను. మళ్ళీ అటు పోలేదు. బస్సు ఆ దారిన వెళితే రెండో వైపు చూస్తాను. బాధేమీ లేదు. భూమి అన్నాక చేతులు మారుతుంది.

ఇదంతా రాసి, పంపకుండా చెరిపేశాను. మా బావి ఊసు ఊళ్ళోవాళ్ళందరికీ ఎందుకు?

మార్చి 11

కామేశ్వరి ఇవాళ ఒక ప్రశ్న పెట్టింది. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దించుకుంటున్నాను.

"పోయిన ఏడు శామీర్‌పేట దారిలో ఒక ప్లాటు కొనుక్కున్నాం. నిన్న గడ్డి పీకించడానికి వెళితే ఆగ్నేయం మూల ఇనుప గొట్టం ఒకటి కనబడింది. మోకాలెత్తు ఉంది. దానికి వెలిసిపోయిన పసుపు గుడ్డ కట్టి ఉంది. చెవి పెడితే హోరుమని గాలి. మా అమ్మాయి సాయిప్రియ అందులో చిన్న రాయి వేసింది. కాసేపటికి ఎక్కడో లోపల బుడుంగుమంది. ఇదేమిటో మీలో ఎవరికైనా తెలుసా?"

మధ్యాహ్నానికే బోలెడు జవాబులు. లంకెబిందెలన్నాడు ఒకాయన. సైనికుల సొరంగమన్నాడు ఇంకొకాయన. సర్వేవాళ్ళ గుర్తు అని ఒకావిడ. అందరూ సరదాగా ఉన్నారు.

ఆ పసుపు గుడ్డ కట్టింది నేను. అది సరే. రాయి వేస్తే నీళ్ళ చప్పుడు ఎలా వచ్చింది? అడుగు నుంచీ మట్టితో నింపించానన్నాడు హరీష్. నిండిన బావిలో గొట్టం ఉంటే రాయి మట్టి మీద పడాలి. నీళ్ళలో పడిందంటే లోపల బావి బావిలాగే ఉంది. పైన ఏదో పలచటి కప్పు ఉంది. ఆ కప్పు మీద ఆ పిల్ల నిలబడింది.

మార్చి 12

గొట్టాలు చాలా ప్లాట్లలో ఉంటాయి. పసుపు గుడ్డలు కూడా ఎవరైనా కడతారు.

మార్చి 14

కామేశ్వరి పేరు పెట్టి అడిగింది. "అన్నీ తెలిసిన మా టీచర్ గారు దీనికి ఏమీ చెప్పలేదేమిటండీ?"

అడిగాక చెప్పకపోతే బాగుండదు. "పాత బోరు గొట్టం అయి ఉంటుంది. మన వైపు పొలాల్లో ఇవి మామూలే. భయం లేదు" అని రాశాను.

వెంటనే పచ్చ గుర్తు పెట్టింది. "మీరు చెప్పాక ఇంక సందేహం లేదండి. అద్దె కొంపలో విసుగెత్తిపోయాం, ఈ ఎండాకాలమే ఇల్లు మొదలుపెట్టేస్తాం" అంది.

మార్చి 19

సిద్దిరాములు వచ్చాడు. తోట ఉన్నప్పుడు మా దగ్గర పని చేసినవాడు, ఇప్పుడు ఆ వెంచరుకే కాపలా. పండగ మామూలు కోసం వచ్చాడు. టీ ఇచ్చి అడిగాను.

"సిద్దిరాములూ, బాయిని అడుగు నుంచి నింపిన్రా?"

"నన్నెందుకడుగుతవ్ టీచరమ్మా. చిన్న పటేల్‌ను అడుగు."

"నిన్నే అడుగుతున్న."

టీ అంతా తాగి, కప్పు కింద పెట్టి చెప్పాడు. "రెండు లారీల మట్టి వోసినం. హరీష్ పటేలు ఆపుమన్నడు. ఒడ్డుమీద ఒక్కడే శానసేపు గూసున్నడు. ఆనక పాత గర్డర్లు దెప్పిచ్చి అడ్డం ఏపిచ్చిండు. మన తోట కడీలున్నయ్ గద, ద్రాచ్చ పందిరికి నిలవెట్టిన రాతి కంబాలు, గవ్వి ఆటి మీద పరిచినం. పైన మట్టి గొట్టినం. నీ గొట్టాన్ని కడీల సందుల్నుంచి కిందికి ఇడిసినం."

ఒడ్డు మీద కూర్చుని లారీల ఖర్చు లెక్క చూసుకుని ఉంటాడు. మా హరీష్ లెక్కల్లో చిన్నప్పటి నుంచీ మొదటివాడు.

మార్చి 20

అన్నం పెడుతూ అడిగాను. ప్రణీత ఇంకా రాలేదు.

"నీకెవలు జెప్పిన్రే?" అన్నాడు.

ప్లాటు కొన్నావిడ గొట్టంలో రాయి వేసిన సంగతి చెప్పాను. ఎవరో, ఎక్కడ చదివానో అన్నీ చెప్పాను. వాడు కంచం వైపే చూస్తూ విన్నాడు.

"అమ్మా, వాళ్ళు గాడ ఇల్లు గట్టరు. అందరు రేటు వెరుగుతదని కొన్నోళ్ళే. కొన్నేండ్లాగి ఇంకొకలకు అమ్ముతరు."

"ఈ ఎండకాలమే కడుతున్నరట."

"అంటరు గని కట్టరు."

"కడితే? నిండు సంసారం రా, ఆడివిల్ల ఉన్నది."

"అయితే ఏం జెయ్యాల్నంటవ్? బాయి మీద ప్లాటు అమ్మిండని మాట లేసిందనుకో, మిగిలినయి ఒక్కటి గూడ పోవు. కొన్నోళ్ళంత ఇంటి మీదికొస్తరు. నేను రోడ్డు మీద వడుత. గది మంచిగుంటదా నీకు?" కంచంలో చెయ్యి కడుక్కున్నాడు. "నువ్వు పరేషాన్ గాకు. నేను జూసుకుంట."

చూసుకుంటానన్నాడు. ఏదో దారి ఆలోచించే ఉంటాడు. వేరే ప్లాటు ఇస్తాడేమో.

మార్చి 21

నాకు కోపం లేదు.

మార్చి 30

కంప్యూటరు పెట్టలేదు. కళ్ళు మండుతున్నాయని ప్రణీతకు చెప్పాను. పాపం, సాయంత్రం చుక్కల మందు తెచ్చింది. తెచ్చింది కదా అని వేసుకున్నాను.

ఏప్రిల్ 8

ఉండబట్టక తెరిచాను. కామేశ్వరి రాసినవి రెండు ఉన్నాయి.

ఒకటి: "వింత వినండి. మా ప్లాటులో గొట్టం మాయమైంది. ఉన్న చోటు కూడా తెలియకుండా చదును చేసి ఉంది. ఇనుము కోసం ఎవరో పీక్కుపోయి ఉంటారంటున్నారు మావారు."

గొట్టం సంగతి నేను చెప్పింది ఒక్క హరీష్‌కే. వాడు చూసుకోవడమంటే ఇదన్నమాట.

రెండోది ఇంటి ప్లాను. వాస్తు ప్రకారం ఆగ్నేయం మూల వంటిల్లు. "రోజంతా నేను నిలబడేది అక్కడే కదా. కిటికీ తూర్పుకు పెట్టించుకోనా, దక్షిణానికా? అందరూ మీ అభిప్రాయం చెప్పండి" అని అడిగింది. అందరూ చెప్పారు. తూర్పున ఎండ అని కొందరు, దక్షిణాన గాలి అని కొందరు. పొగ పోయే దారి గురించి ఒకాయన బొమ్మ కూడా గీసి పెట్టాడు. బావి మీద పొయ్యి పెట్టుకోబోతున్న మనిషికి ఇంతమంది కిటికీ సంగతి చెబుతున్నారు.

కింద నాకోసం ఒక వాక్యం: "టీచర్ గారూ, మీరు చెప్పే దాకా కిటికీ తేల్చను."

ఏప్రిల్ 13

రాశాను. చెరిపాను. మళ్ళీ రాశాను. 'ఆ ప్లాటులో ఇల్లు కట్టకండి' అని రాస్తే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే మీకెలా తెలుసని అడుగుతుంది. ఎటు తిరిగినా హరీష్ దగ్గరికే వస్తుంది. పేరు లేని ఉత్తరం రాయొచ్చు. ఆకాశరామన్న ఉత్తరాలు రాసిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన దాన్ని నేను.

వెనక ప్రణీత వచ్చి నిలబడింది. ఎంత సేపయిందో. తెర మీద ఉన్నదంతా చదివింది.

"నిజమేనా అత్తమ్మా?"

"నిజమే."

కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నేను జెప్తే ఆయనకు పెండ్లాం మీద కోపమొస్తది. మీరు జెప్తే అమ్మ మీదొస్తది. ఎవలో ఒకలం జెప్పాలె గద" అంది. నన్ను తొందరపెట్టలేదు. వంటింట్లోకి వెళ్ళి కూర తరిగింది.

ఏప్రిల్ 15

తూర్పుకే పెట్టించుకోండి అని రాశాను. అంతే రాశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఏప్రిల్ 22

వచ్చే నెల మొదట్లో భూమిపూజ. అరుగులో అందరినీ పిలిచింది. "ముఖాలు తెలియకపోయినా మీరంతా నాకు ఇరుగుపొరుగే. ముఖ్యంగా టీచర్ గారు రావాలి, మొదటి ఇటుక మీ చేత్తోనే పెట్టిస్తాను" అని రాసింది. దానికి ముందు జేసీబీ తెప్పించి పునాది గుంటలు తీయిస్తున్నారట. జేసీబీ ఆ కప్పు మీదికి ఎక్కుతుంది. దాన్ని నడిపేవాడు కూడా ఒక తల్లి కొడుకే.

హరీష్ స్నానం చేసి వచ్చేదాకా ఆగి చెప్పాను.

"ఇయ్యాల రాస్తున్న. నువ్వు ముందుగాల్ల పోయి నీ నోటితోని జెప్పు బిడ్డా. అట్లయితే నీకు మర్యాద ఉంటది."

"రాస్తే రాసుకో. ఇగ నన్ను కొడుకని అనుకోకు."

బండి తీసుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం దాకా చూశాను. పోయి చెబుతాడనే అనుకున్నాను. ప్లాటు దగ్గరే ఉన్న కృష్ణారావు వాళ్ళ దగ్గరికి హరీష్ రాలేదని సిద్దిరాములు ఫోనులో చెప్పాడు.

అప్పుడు రాశాను.

"కామేశ్వరి గారికి. మీ ప్లాటులోనిది బోరు గొట్టం కాదు. అది బావి. మీ ఆగ్నేయం మూల మట్టి కింద రాతి కడీలు, వాటి కింద నీళ్ళున్న బావి ఉన్నాయి. ఆ గొట్టం పెట్టమన్నది నేను. గుడ్డ కట్టింది నేను. బావి తవ్వించింది మా ఆయన భాస్కర్. నింపకుండా మూసి మీకు అమ్మింది మా అబ్బాయి హరీష్. మార్చిలో మీరు అడిగినప్పుడు నేను తెలిసే అబద్ధం చెప్పాను. దాని పక్కన మీరు పెట్టిన పచ్చ గుర్తు తీసేయండి. జేసీబీని ఆ మూలకు పోనివ్వకండి. నా పేరు విజయమ్మ, మేడ్చల్." కింద ఫోన్ నంబరు రాశాను.

పంపించే మీట మీద వేలు ఆగలేదు. ఇన్ని రోజులు ఆగిందంతా దానికి ముందే.

ఏప్రిల్ 23

అరుగు నిండా నేనే. ఇంత వయసొచ్చి అబద్ధమా అని ఒకరు. ఇప్పటికైనా చెప్పింది, ఊరుకోండని ఒకరు. కన్నకొడుకు పరువు తీసే తల్లి ఉంటుందా అని ఒకాయన. ఆయనే లంకెబిందెలన్నాయన. అసలు ఈవిడ టీచరేనా అని ఒకావిడ.

కామేశ్వరి ఏమీ రాయలేదు. మార్చి నాటి జవాబు పక్కన పచ్చ గుర్తు మాత్రం లేదు.

ఏప్రిల్ 24

హరీష్ రాలేదు. దోస్తుల దగ్గర ఉన్నాడట. ప్రణీతకు ఫోన్ చేస్తున్నాడు. నాకు చెయ్యలేదు.

ఏప్రిల్ 27

కామేశ్వరి ఫోన్ చేసింది. గొంతు వినడం ఇదే మొదటిసారి. చిన్న గొంతు.

"మూడు రోజులు ఏడిచానండి. ప్లాటు పోయినందుకు కాదు. మా సాయిప్రియ ఆ మూలే గెంతింది. మీరు అప్పుడే చెప్పి ఉండాల్సింది."

"చెప్పి ఉండాల్సిందే" అన్నాను. ఇంకేం అంటాను?

"మావారు కేసు పెడతానంటున్నారు. ముందు అది ఎంత ఉందో తీసి చూద్దామన్నాను నేను. చోటు చూపించడానికి వస్తారా?"

వస్తానన్నాను.

మే 6

రాయడానికి ఇప్పటికి కూర్చున్నాను.

తోటలోకి అడుగు పెడితే ఏదీ గుర్తు పట్టలేకపోయాను. సున్నం వేసిన రాళ్ళు, ఎర్రమట్టి రోడ్లు. కామేశ్వరి నాకంటే చాలా చిన్నది. నమస్కారం పెట్టింది, నవ్వలేదు. సాయిప్రియను కారు దిగనివ్వలేదు. కృష్ణారావు గారు నాతో మాట్లాడలేదు. ఆయన తప్పేమీ లేదు.

చోటు చూపించమన్నారు. ఎన్నో ఏళ్ళు నడిచిన నేల. ఇక్కడ అన్నాను. జేసీబీ దూరంగా నిలబడి చెయ్యి చాపి తవ్వింది. మట్టి, ఇంకా మట్టి. మరో పక్క చూపించాను. అక్కడా మట్టే. కృష్ణారావు గారు గడియారం చూసుకున్నారు. సిద్దిరాములుకు చోటు తెలుసు, హరీష్ కోపానికి భయపడి తల వంచుకుని నిలబడ్డాడు. నేను ఉన్నదీ లేనిదీ కల్పించి చెప్పే ముసలిదాన్నని అనుకుంటున్నారేమో అనిపించింది.

అప్పుడు బండి చప్పుడు. హరీష్. గడ్డం పెరిగి ఉంది. ఎవరినీ పలకరించలేదు. నేరుగా నడిచి వచ్చి, నేను చూపించిన రెండు చోట్లకూ మధ్యలో ఆగి, మడమతో నేల మీద గుండ్రంగా గీత గీశాడు. అది సరిగ్గా బావి గీతే.

"గీడ. మెల్లగ తియ్యుండ్రి. ఎవలు దగ్గరికి రాకుండ్రి."

కడీలు బయటపడ్డాయి. ద్రాక్ష పందిరి ఇనుప తీగ చుట్లు వాటికి ఇంకా ఉన్నాయి. గొలుసు కట్టి ఒక్కొక్కటి లేపారు. ఒక గర్డరు అప్పటికే తుప్పు పట్టి మధ్యలో వంగిపోయి ఉంది. అది చూసి కృష్ణారావు గారు భార్య చెయ్యి పట్టుకున్నారు. చాలాసేపు వదల్లేదు.

నాలుగో కడీ లేచాక లోపల వెలుగు పడింది. హరీష్ నేల మీద పడుకుని లోపలికి చూశాడు. నేనూ వెళ్ళి వాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఒద్దని ఎవరో అరిచారు. కింద నీళ్ళు, మెట్లు. ఆ మెట్ల మీదే వాడి నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి వాళ్ళ నాయిన ఈత నేర్పాడు. వాడు భయపడి ఏడిస్తే ఆయన కూడా బట్టలతోనే దిగేవాడు.

"నీళ్ళు గట్లనే ఉన్నయే అమ్మా" అన్నాడు. ఇన్ని రోజుల తర్వాత నాతో వాడు అన్న మాట అది.

"ఎందుకు నింపలేదురా?"

వాడు నీళ్ళనే చూస్తున్నాడు. "నింపబుద్ధి గాలే."

తర్వాత లేచి, చేతులు దులుపుకుని, కృష్ణారావు గారి ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నాడు. ఇంకో ప్లాటు ఇస్తానన్నాడు, లేకపోతే మీ ఇష్టమన్నాడు. ఆయన ఆలోచించి చెబుతామన్నారు. కేసు మాట ఎత్తలేదు, పెట్టనని కూడా అనలేదు. కామేశ్వరి వెళుతూ వెళుతూ ఒక చిన్న రాయి తీసి బావిలో వేసింది. చప్పుడు వినేదాకా నిలబడి కారెక్కింది.

మే 9

ఇంకో ఇద్దరు ప్లాటుదార్లు ఇంటికి వచ్చి అరిచి వెళ్ళారు. హరీష్ గడప దగ్గర నిలబడి అన్నీ పడ్డాడు. అన్నం పెడితే తింటున్నాడు. నాతో ఎక్కువ మాటల్లేవు.

అరుగులో కామేశ్వరి కొత్త ప్రశ్న పెట్టింది. ఇంటి స్థలంలో పాత బావి బయటపడితే ఉంచాలా, పూడ్చాలా? ఎప్పటిలాగే అందరూ చెబుతున్నారు. వాస్తు, దోమలు, భూగర్భజలం, పిల్లల భయం. నేను జవాబు రాయలేదు. ఈసారి ఆవిడ కూడా నన్ను పేరు పెట్టి అడగలేదు.

నా దగ్గరా ఒక ప్రశ్న ఉంది. ఒక మనిషి రెండు లారీల మట్టి పోయించి ఆపేసి, ఒడ్డు మీద ఒక్కడే చాలాసేపు కూర్చున్నాడంటే అది ఖర్చు చూసుకునా, మనసొప్పకనా? సిద్దిరాములు చెప్పిన నాడు నేను ఖర్చే అనుకున్నాను. ఇప్పుడు రెండోదే నమ్మాలని ఉంది. అరుగులో పెడితే సాయంత్రానికల్లా అందరూ తలా ఒకటి చెబుతారు, అందులో నాకు నచ్చినదానికి పచ్చ గుర్తు పెట్టుకోవచ్చు.

నేను అడగను.